‘ఏ రకం?’ అని అడిగేవాళ్ళు

1994 నవంబరులో జాఁ మిషెల్ బుర్సికో అనే ఫ్రెంచి ద్రాక్ష శాస్త్రవేత్త చిలీ దేశంలోని మైపో లోయలో ఒక తోట చూస్తూ ఒక తీగ దగ్గర ఆగిపోయాడు. తోటవాళ్ళు దాన్ని మెర్లో అంటున్నారు. దేశం మొత్తం దాన్ని మెర్లో అనే అంటోంది. తీగ పూత మీద ఉంది. పువ్వులో కేసరాలు తిన్నగా లేవు, మెలి తిరిగి ఉన్నాయి. మెర్లో పువ్వు అలా ఉండదు. ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని ఆయన తేల్చాడు. కార్మెనేర్ ఒకప్పుడు ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు పంట. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా అనే పురుగు వేళ్ళు తినేసి తోటలకు తోటలు ఎండబెట్టినప్పుడు ఈ రకం దాదాపు అంతరించిందని అందరూ వదిలేసుకున్నారు. కానీ ఆ పురుగు రాకముందే, 1850ల ప్రాంతంలో, చిలీ భూస్వాములు బోర్డో నుంచి తీగ ముక్కలు తెప్పించుకుని నాటుకున్నారు. మెర్లోతో కలిసి కార్మెనేర్ కూడా ఓడ దిగింది. ఆ తర్వాత ఒక శతాబ్దానికి పైగా రెండింటినీ ఒకే పేరుతో పిలిచారు, ఒకేసారి కోశారు, ఒకే తొట్టెలో పులియబెట్టారు.

పేరు తప్పినందుకు నష్టపోయింది రుచి. మెర్లో కోతకొచ్చిన మూడు నాలుగు వారాలకు గానీ కార్మెనేర్ పండదు. మెర్లోతో పాటే కోసేస్తే అది సగం పచ్చి. అందుకే చిలీ మెర్లోలో పచ్చి క్యాప్సికమ్ వాసన కొట్టేది. కొనేవాళ్ళేమో చిలీ నేల స్వభావమే అంత అనుకునేవాళ్ళు. ఏ తీగ ఏదో తెలిశాక కార్మెనేర్‌ని చెట్టున ఇంకొన్నాళ్ళు ఉండనిచ్చారు. అదే తీగ, అదే మట్టి. ముదురు రంగుతో, కొంచెం పొగ వాసనతో, నాలుక మీద మెత్తగా జారిపోయే వైన్ వచ్చింది. 1998లో చిలీ ప్రభుత్వం దాన్ని విడిగా ఒక రకంగా గుర్తించింది. ఇప్పుడు అక్కడ దాదాపు పది వేల హెక్టార్లలో ఉంది. పుట్టింట్లో చచ్చిపోయిన రకం పరాయి దేశంలో వేరే పేరుతో బతికి, తన పేరు తనకు దక్కాకే బాగుపడింది.

నాకు వైన్ ఇష్టం. కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసిన రోజుల్లో మొదలైన ఇష్టం, హైదరాబాదు తిరిగొచ్చాక కూడా తగ్గలేదు. దానివల్ల నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం తాగడం గురించి కాదు, పంట గురించి. ఏ రకం, ఏ నేల, ఏ రోజు కోశారు అనే మూడు సంగతులూ ఎవరో ఒకరు పట్టుబట్టి అడుగుతున్నన్నాళ్ళే నిలుస్తాయి. అడిగేవాళ్ళు పోతే రకమూ పోతుంది. వైన్ దేశాలు దీన్ని కొన్ని వందల ఏళ్ళ అనుభవంతో, చాలా నష్టాలు పడి తెలుసుకున్నాయి. మన మామిడి విషయంలో మనం ఇప్పుడు అడగడం మానేస్తున్నామన్నది నా బాధ.

మామిడిని ఊరికే తీసుకురాలేదు. ఈ రెండు పంటలూ పుట్టుకలోనే చుట్టాలలాంటివి. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి మొలవదు. ఏదో ఒక కొత్త చెట్టు మొలుస్తుంది. దాని కాయ పుల్లగా ఉండొచ్చు, పీచు పీచుగా ఉండొచ్చు, ఎప్పుడో ఒకసారి అద్భుతంగానూ ఉండొచ్చు. అందుకే రకం నిలవాలంటే అంటు కట్టాలి. ద్రాక్షా అంతే. గింజ నుంచి కాక కొమ్మ ముక్క నుంచి, అంటు నుంచి పెంచుతారు. అంటే ఇవాళ ఫ్రాన్సులోని బర్గండీలో ఉన్న పీనో నువార్ అనే ద్రాక్ష తీగ ఆరు వందల ఏళ్ళ కిందటి పీనో తీగకు మనవరాలు కాదు. అదే తీగ, అదే ఒళ్ళు, చేతి నుంచి చేతికి అందుతూ వచ్చింది. నూజివీడు పెద్ద రసం కూడా అలాంటిదే. ఎప్పుడో ఎవరి పెరట్లోనో తనంతట మొలిచిన ఒక్క చెట్టు, అంటు మీద అంటుగా మన దాకా వచ్చింది. మధ్యలో ఒక్క తరం పట్టించుకోకపోతే ఆ ఒళ్ళు మళ్ళీ పుట్టదు.

రకం తెలిసి తాగడంలో ఉన్న సంతోషం ఏమిటో కాస్త చెప్పాలి. కాబెర్నే సోవిన్యోఁ పండు చిన్నది, తోలు మందం. రంగూ వగరూ ఆ తోలులోనే ఉంటాయి కాబట్టి దాని వైన్ నల్లగా, చిగుళ్ళు బిగిసేలా ఉంటుంది. 1997లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో కారొల్ మెరిడిత్, జాన్ బవర్స్ డీఎన్ఏ చూసి దాని తల్లిదండ్రులెవరో చెప్పారు. ఒకటి కాబెర్నే ఫ్రాంక్ అనే నల్ల ద్రాక్ష, రెండోది సోవిన్యోఁ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష. అంత నల్లటి వైనుకు తెల్ల ద్రాక్షతో కన్నబంధం ఉందని విన్నాక నేను కాబెర్నే వాసన చూసే తీరే మారిపోయింది. సోవిన్యోఁ బ్లాంక్‌లో కోసిన గడ్డి, పచ్చి క్యాప్సికమ్ వాసన ఉంటుంది. ఆ పచ్చిదనం కాబెర్నేలోనూ లీలగా దొరుకుతుంది. అమ్మ పోలిక బిడ్డలో పట్టుకున్నట్టు ఉంటుంది నాకు.

సిరా అనే రకంలో మిరియాల ఘాటు వస్తుంది. అది ఊహ కాదు. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దానికి కారణమైన రొటండోన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. మన మిరియాల్లో ఉన్నదీ అదే. మస్కట్ ద్రాక్ష వాసనకు కారణమైన వాటిలో ఒకటైన లినలూల్ ధనియాల్లోనూ పుష్కలంగా ఉంది. కాబట్టి మన వంటింట్లో పెరిగినవాళ్ళకు వైన్ వాసనలు కొత్త చదువు కాదు. వగరు సంగతి చెప్పనే అక్కర్లేదు. పచ్చి వెలగకాయ, లేత మామిడి జీడి, ఉగాది పచ్చడిలో మామిడి తొక్క తెలిసిన నాలుకకి కాబెర్నేలోని టానిన్ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అందుకే మనవాళ్ళు ‘మాకు వైన్ అర్థం కాదండీ’ అంటే నేను ఒప్పుకోను. రోజూ ఆరు రుచులు విడదీసి తింటున్నవాళ్ళకు అర్థం కాకపోవడం ఏమిటి?

తిండితో పాటు తాగేటప్పుడు రకం ఇంకా ముఖ్యం. కారం దట్టంగా ఉన్న గోంగూర మాంసం పక్కన కాబెర్నే పెడితే రెండూ చెడతాయి. వగరూ ఆల్కహాలూ కలిసి కారాన్ని రెట్టింపు చేసి నోరు మండిస్తాయి. అక్కడ పులుపు బాగా ఉండి, లేశమంత తీపి మిగిలిన జర్మన్ రీస్లింగ్ పెట్టి చూడండి. గోంగూర పులుపుకు అది జంటగా నిలబడుతుంది. నాసిక్‌లో పండే షెనిన్ బ్లాంక్ మన రొయ్యల వేపుడికి బాగా కుదురుతుంది. పీనో నువార్ మాత్రం నేను కారం తినేటప్పుడు ముట్టుకోను. అది పలచని తోలున్న, సన్నటి గొంతున్న ద్రాక్ష. కారం ముందు దాని మాట వినపడదు.

నాకు అన్నింటిలోకీ ఇష్టమైనది ఆ పీనో నువారే. దాని పుట్టిల్లు బర్గండీ ప్రాంతం. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ ఒక శాసనం చేశాడు. గమే అనే రకాన్ని పీకేయమని. గమే విరగకాస్తుంది, త్వరగా పండుతుంది, రైతుకు రొక్కం తెస్తుంది. పీనో తక్కువ కాస్తుంది, నఖరాలు ఎక్కువ. ప్లేగు దెబ్బకు జనం తగ్గి, కూలీలు దొరకని కాలంలో రైతులు గమే వైపు మళ్ళారంటే వాళ్ళ తప్పేమీ లేదు. అయినా ప్రభువుకు తన వైన్ పేరు చెడుతుందని భయం. ఆ శాసనం ఒక్కరోజులో అమలైపోలేదు, కొన్ని శతాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రాజు కర్ర ఝుళిపించి రైతు చేత తక్కువ దిగుబడి పంట పెట్టించడం నాకు నచ్చే పద్ధతి కాదు. కానీ అది లేవనెత్తిన ప్రశ్న ఇవాళ్టి మన మామిడి రైతు ముందూ అలాగే నిలబడి ఉంది. ఎక్కువ కాసేది పెట్టాలా, బాగుండేది పెట్టాలా? బాగుండేదానికి ఎక్కువ ధర ఇచ్చేవాళ్ళు లేకపోతే రైతు మొదటిదే పెడతాడు. పెట్టాలి కూడా, అతనికీ కుటుంబం ఉంది.

బర్గండీవాళ్ళు రకం దగ్గర ఆగలేదు, నేల దాకా వెళ్ళారు. 1098లో సీతో మఠం పెట్టిన సిస్టర్షన్ సన్యాసులు కొండవాలు పొడవునా తోటలు వేశారు. వాళ్ళు గోడ కట్టిన క్లో ద వూజో అనే 50 హెక్టార్ల తోట ఇప్పటికీ ఉంది. ఎర్ర వైనంతా ఒకటే పీనో, తెల్ల వైన్ దాదాపు అంతా ఒకటే షార్దొనే అయినా, ఆ వాలు మీద ఏ మడి నీరు నిలుపుతుందో, ఏ మడికి పొద్దుటి ఎండ పడుతుందో, ఏ మడిలో సున్నపురాయి పైకే ఉందో చూసి, రుచి తేడా గుర్తుపెట్టుకుని, ఒక్కో మడికీ ఒక్కో పేరు పెట్టారు. వాటిని క్లిమా అంటారు. అలాంటివి 1247 ఉన్నాయి, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. రోమానే కోంటి అనే మడి రెండు హెక్టార్లు కూడా లేదు. దాని పక్క మడి వైన్ అందులో కొద్ది వంతు ధరకే దొరుకుతుంది. ధరల్లో పిచ్చి చాలా ఉంది, అది నాకు గిట్టదు. కానీ పక్కపక్కనే ఉన్న రెండు మడుల నుంచి, ఒకే చేత్తో చేసిన రెండు సీసాలు ఒకేసారి తాగి చూసినప్పుడు ఆ తేడా నాలుకకి తగిలింది. ఒకదాంట్లో చెర్రీ పులుపు ముందుకొచ్చింది, రెండోదాంట్లో తడిమట్టి. మట్టికి రుచి ఉంటుందన్న సంగతిని నేను అప్పటిదాకా పుస్తకాల మాట అనుకునేవాణ్ణి.

మన దగ్గర బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. నంద్యాల జిల్లాలో బనగానపల్లె అనే ఊరుంది, దాని పేరే పండుకి. కానీ మార్కెట్లో బంగినపల్లి అని అమ్మే పండు బనగానపల్లె నుంచి వచ్చిందో, నూజివీడు నుంచో, జగిత్యాల నుంచో కొనేవాడికి తెలియదు. అమ్మేవాడూ చెప్పడు, కొనేవాడూ అడగడు. గడ్డిఅన్నారం నుంచి బాటసింగారం మారిన హైదరాబాదు పళ్ళ మార్కెట్లో రాశులు పోసి, రంగు చూసి, సైజు చూసి పాట పాడతారు. ఎర్రమట్టి చెలకలో పండిన పండుకీ నల్లరేగడిలో పండిన పండుకీ తేడా రైతుకి తెలుసు. ఆ తేడా మార్కెట్ గేటు దగ్గరే రాలిపోతుంది. రెండూ ఒకే రాశిలో కలిసిపోతే మంచి నేలున్న రైతుకి అదనంగా వచ్చేదేమిటి?

వైన్ దేశాల నుంచి నేను ఒక్కటే తెచ్చుకోవాలంటే కోత రోజు తెచ్చుకుంటాను. ఫ్రాన్సులో చాలా ఊళ్ళలో ఒక ఆచారం ఉండేది. పండు పరిపక్వం చూసి, ఫలానా రోజు నుంచి కోత మొదలు అని ఊరి పెద్దలు ప్రకటించేవాళ్ళు. ఆ రోజుకి ముందు ఎవరూ కొయ్యకూడదు. కొంత దొంగతనాల భయంతో, కొంత పన్నుల కోసం, కొంత పచ్చికాయ కోసి ఊరి పేరు చెడగొడతారన్న జాగ్రత్తతో పెట్టిన కట్టు. బర్గండీలోని బోన్ పట్టణంలో ఆ కోత తేదీలు 1354 నుంచీ తవ్వి తీయగలిగారు. ఏ ఏడు ఎండ ఎక్కువ, ఏ ఏడు చలి ఎక్కువ అని తేల్చడానికి వాతావరణ శాస్త్రజ్ఞులు ఇప్పుడు ఆ తేదీలనే వాడుతున్నారు. షాంపేన్ ప్రాంతంలో ఇవాళ్టికీ ఊరి వారీగా, రకం వారీగా కోత తేదీ ప్రకటిస్తారు. ఒక ఊరికి షార్దొనే ఒక రోజు, పీనో ఇంకో రోజు.

మన దగ్గర మార్చి నెలాఖరుకే బంగినపల్లి బజార్లోకి వచ్చేస్తుంది. ముందొచ్చిన పండుకి ధర ఎక్కువ కాబట్టి ముదరని కాయ కోసేస్తారు. కార్బైడ్‌తో మగ్గబెట్టడం చట్టం నిషేధించింది, అయినా చాటుగా సాగుతూనే ఉంది. పసుపు రంగు వస్తుంది, తీపి రాదు. లోపల తెల్లటి గట్టి గుజ్జు, పిండి పిండిగా ఉంటుంది. కొన్నవాడు ‘ఈ మధ్య బంగినపల్లి బాగుండట్లేదు’ అంటాడు. చిలీ మెర్లోని అన్నట్టే. రకం చేసిన పాపం ఏమీ లేదు, కోసిన రోజు తప్పు. ఇథిలీన్ గ్యాసుతో పద్ధతిగా మగ్గబెట్టినా సరే, చెట్టున ముదరని కాయకి రుచి ఎక్కడినుంచి వస్తుంది? నూజివీడులోనో కొల్లాపూర్‌లోనో రైతులు తమలో తాము కూర్చుని, ఈ ఏడు ఈ తేదీకి ముందు కొయ్యం అని ఒక కట్టు పెట్టుకుంటే, ఆ తేదీని పెట్టె మీద అచ్చు వేస్తే, దానికి రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చి కొనేవాళ్ళం చాలామందిమి ఉన్నాం. చిన్న రైతు ఒక్కడే ఆగలేడు. పక్కవాడు కోసేస్తే తను మునుగుతాడు. అందుకే అది ఊరి కట్టుగా ఉండాలి. ఫ్రాన్సులో దాన్ని ఊరంతటికీ కలిపి పెట్టిన కారణమూ అదే.

బర్గండీ నుంచే ఇంకో సంగతి. షార్దొనే తల్లిదండ్రులెవరో 1999లో బయటపడింది. ఒకవైపు పీనో, రాజుల ద్రాక్ష. రెండో వైపు గువే బ్లాంక్. గువే అంటే పేదరైతు పెరటి ద్రాక్ష, పుల్లటిది, నాసిరకం అని పేరు. దాన్ని నాటకూడదని చాలాచోట్ల నిషేధాలు కూడా పెట్టారు. ఆ నాసిరకమే ప్రపంచంలో అందరూ ఎగబడే షార్దొనేకి, ప్రభువు పీకమన్న గమేకి, ఇంకా డజనుకి పైగా రకాలకి పీనోతో కలిసి జన్మనిచ్చింది. రీస్లింగ్‌కి కూడా అది కన్నదే. నిషేధాలు పూర్తిగా పనిచేసి ఉంటే షార్దొనే లేదు. ఇది తెలిసినప్పటి నుంచి రోడ్డు పక్క టెంక మొలిచిన పీచు మామిడి చెట్టుని కొట్టేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మన పెద్ద రకాలన్నీ ఇలాంటి అనామక చెట్ల నుంచే వచ్చాయి. రేపు వేడి పెరిగి పూత నిలవని ఏడు వస్తే, దాన్ని తట్టుకునే గుణం ఏ పీచు కాయలో దాగి ఉందో ఎవరు చెప్పగలరు? ఫ్రాన్సువాళ్ళు దక్షిణాన సముద్రం ఒడ్డు ఇసుకలో, ఫిలోక్సెరా బతకలేని చోట, వాసల్ అనే తోటలో రెండు వేలకు పైగా ద్రాక్ష రకాలు దాచుకున్నారు. పనికొస్తుందా రాదా అని ఎంచకుండా దాచారు. మనకీ సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రంలో వందల మామిడి రకాల తోట ఉంది. దాని గురించి మన పిల్లలకి ఎన్ని బళ్ళలో చెబుతున్నాం?

దాచుకోవడం ఒక్కటే చాలదు. రకం తోటలో బతికి, పళ్ళెంలో చచ్చిపోతే ఏం లాభం? రోన్ నది ఒడ్డున కొండ్రియూ అనే ఊరుంది. నిట్టనిలువు వాలు మీద రాతి గట్లు కట్టి వియోన్యే అనే తెల్ల ద్రాక్ష పెంచేవాళ్ళు. మాగిన ఆప్రికాట్ పరిమళం దానిది. రెండు ప్రపంచ యుద్ధాల్లో మగవాళ్ళు పోయారు, మిగిలినవాళ్ళు కింద ఫ్యాక్టరీ ఉద్యోగాలకు దిగిపోయారు. 1960ల నాటికి అక్కడ ఆ తోటలు ఇరవై హెక్టార్లు కూడా లేవు. ప్రపంచంలో వేరే చోట అది దాదాపు లేనే లేదు. జోర్జ్ వెర్నే అనే రైతు మొండిగా ఆ గట్లు బాగుచేసుకుంటూ ఉండిపోయాడు. దగ్గర్లోని వియెన్ పట్టణంలో లా పిరమిడ్ అనే పేరున్న రెస్టారెంటు ఆ వైన్‌ని తన బల్లల మీద పెడుతూ వచ్చింది. భోంచేయడానికి వచ్చినవాళ్ళు దాన్ని పేరుతో అడిగి తాగారు. అంతే జరిగింది. ఇవాళ వియోన్యే కాలిఫోర్నియాలో, ఆస్ట్రేలియాలో, మన నాసిక్‌లో కూడా పండుతోంది. ఒక రైతు మొండితనం, కొద్దిమంది తినేవాళ్ళ అభిరుచి. ఈ రెంటిలో ఏది లేకపోయినా ఆ రకం పోయేది.

పేరు పెట్టి అడగడంలో ప్రమాదం కూడా ఉంది. దాన్ని దాచి చెప్పడం నాకిష్టం లేదు. కాలిఫోర్నియాలో ఒకప్పుడు ఏ ద్రాక్షతో చేసినా బర్గండీ, షాబ్లీ అని ఫ్రెంచి ప్రాంతాల పేర్లు అంటించి అమ్మేవాళ్ళు. తర్వాత మంచి తయారీదార్లు సీసా మీద ద్రాక్ష రకం పేరే రాయడం మొదలుపెట్టారు. 1983 నుంచి రకం పేరు రాస్తే అందులో 75 శాతం ఆ ద్రాక్షే ఉండాలన్నది అమెరికా నియమం. నిజాయితీ పెరిగింది. 1976లో పారిస్‌లో పేర్లు కనపడకుండా పెట్టిన పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా షార్దొనేకి, కాబెర్నేకి మొదటి స్థానాలిచ్చారు. దాంతో ప్రపంచమంతా ఆ రెండు పేర్ల వెంట పడింది. స్పెయిన్‌లో, ఇటలీలో, బల్గేరియాలో అవే. తాతల నాటి స్థానిక తీగలు పీకి మరీ నాటారు. రెండు మూడు పేర్లే అందరి నోళ్ళలో నానితే మిగతావి చస్తాయి. బంగినపల్లి మన దగ్గర అదే పని చేస్తోంది. బంగినపల్లి నాకూ ఇష్టమే. కానీ మామిడి విస్తీర్ణంలో సింహభాగం దానిదే అయిపోయి, చెరుకు రసం, పంచదార కలశ, సువర్ణరేఖ, జహంగీర్ ఎక్కడో ఒకచోట గట్టు మీద మిగిలిపోతే అది గెలుపు కాదు. చిత్తూరు తోతాపురి సంగతి ఇంకోలా ఉంది. గుజ్జు ఫ్యాక్టరీ దయ మీద ఆ పండు ధర ఆధారపడి ఉంది. తినేవాడు పేరుతో అడగని పండుకి రైతు పక్షాన మాట్లాడేవాళ్ళు ఉండరు.

అలా పోయినదాన్ని హైదరాబాదు ఒకసారి చూసింది కూడా. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష ఈ నగరం పెంచిన రకం. దాన్ని ఇక్కడ నాటి పెంచిన మనిషిగా అబ్దుల్ బాకర్ ఖాన్ పేరు చెబుతారు. పొడవాటి, లేత పచ్చని, రసం కారే పండు, లోపల గింజలు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ పందిళ్ళ మీద గుత్తులు గుత్తులుగా వేలాడేది. నగరం పెరిగి తోటలు ప్లాట్లయ్యాయి. అటు మహారాష్ట్రలో గింజలేని థాంప్సన్ రకం వచ్చి, నిలవ ఉండేది, దూరం వెళ్ళేది అదే కావడంతో మార్కెట్ అంతా అటే పోయింది. ఇప్పుడు హైదరాబాదులో తోపుడు బండి దగ్గర అనాబ్-ఎ-షాహీ కావాలని అడిగితే కుర్రవాడు అయోమయంగా చూస్తాడు. పెరిగిన ఊళ్ళోనే పేరు పోయింది. బోర్డోలో కార్మెనేర్‌కి పట్టిన గతే.

అయితే మనకి అడగడం చేతకాదనుకోను. ఆవకాయ రోజుల్లో మన ఇళ్ళలో ఆడవాళ్ళు కాయ కొనేటప్పుడు చూడండి. ‘జలాలా, చిన్న రసాలా, కొత్తపల్లి కొబ్బరా? ఏ ఊరి కాయ? ఎప్పుడు కోశావ్?’ అని అడగందే బుట్ట ముట్టుకోరు. టెంక ముదిరిందో లేదో అక్కడే పగలగొట్టించి చూస్తారు. పులుపు చాలని కాయ, నిన్న మొన్న కోసిన కాయ ఎంత తక్కువకిచ్చినా వద్దంటారు. రకం, నేల, రోజు మూడూ అడుగుతున్నారు. అందుకే ఆ పచ్చడి కాయల రకాలు ఇంకా నిలిచి ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో కల్లు తాగే పెద్దవాళ్ళూ ఇంతే. పోతుతాడా, పండుతాడా, ఈతా అని అడుగుతారు, ఏ చెట్టుదో కూడా అడుగుతారు, పొద్దెక్కాక దించినదైతే పెదవి విరుస్తారు. బర్గండీ వైన్ వ్యాపారి అడిగే ప్రశ్నలకీ వీటికీ ఏమీ తేడా లేదు. అడగడం మానేసింది పండు కొనుక్కు తినే మనలాంటి నగరం వాళ్ళమే.

అమెరికాలోని తెలుగువాళ్ళు మాత్రం అడుగుతున్నారు. 2007లో మన మామిడికి ఆ దేశం మళ్ళీ తలుపు తెరిచాక, వేసవిలో అక్కడి తెలుగు గుంపుల్లో పెట్టెల బుకింగు మొదలవుతుంది. బంగినపల్లి ఎన్ని, హిమాయత్ ఎన్ని, రసాలున్నాయా అని పేర్లతోనే అడుగుతారు, ఇక్కడి ధరకి ఎన్నో రెట్లు ఇస్తారు. ఇక్కడా ఈ మధ్య కొందరు రైతులు తోట నుంచి నేరుగా ఇంటికి పెట్టెలు పంపుతున్నారు. వాళ్ళ దగ్గర కొనేటప్పుడు నేను రకం, ఊరు, కోసిన తేదీ రాసి పంపమంటాను. చాలామంది సంతోషంగా రాస్తున్నారు. కిందటి వేసవి ఒక రైతు బంగినపల్లి పెట్టెలో నాలుగు చెరుకు రసాలు అదనంగా పెట్టి, తన తోటలో ఇవి మూడే చెట్లు మిగిలాయని, ఎవరూ అడగట్లేదు కాబట్టి వాటిని తీసేసి బంగినపల్లి అంటు కట్టాలనుకుంటున్నానని చీటీ రాశాడు. వచ్చే ఏడు ఆ మూడు చెట్ల కాపు మొత్తం మేమే తీసుకుంటామని మా అపార్టుమెంటువాళ్ళం కలిసి ఆయనకి అడ్వాన్సు పంపాం.